మరో మూరెడు లోతు

1950వ సంవత్సరం. ఇండోనేషియా తూర్పు దీవుల్లో ఒకటైన ఫ్లోరెస్‌లో, పచ్చని కొండల నడుమ ఒక పెద్ద సున్నపురాతి గుహ. అందులో బడి నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల మంగరాయ్ ప్రజలు ఆ గుహను లియాంగ్ బువా అంటారు. వాళ్ల భాషలో చల్లని గుహ అని అర్థం. పేరుకు తగ్గట్టే బయట ఎండ మండిపోతున్నా లోపల హాయిగా ఉంటుంది. కప్పు దాదాపు ఎనభై అడుగుల ఎత్తు, నేల వరికళ్లంలా చదును. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఆ పిల్లల పాదాల కింద, దాదాపు ఆరు మీటర్ల లోతున, తడి బంకమట్టిలో ఒక స్త్రీ అస్థిపంజరం ఉంది. ఆమె ఎత్తు మూడున్నర అడుగులు. మనుషుల కథనే తిరగరాయించబోయే ఆ ఎముకలు వెలుగు చూడటానికి మరో యాభై మూడేళ్లు పట్టింది. ఈలోగా చాలామంది ఆ గుహలోకి వచ్చారు, తవ్వారు, ఆగారు, వెళ్లిపోయారు.

బడి నడుస్తున్న రోజుల్లోనే ఆ గుహను చూసినవారు ఫాదర్ థియోడర్ వెర్హూవెన్. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మతగురువు. ప్రాచీన భాషలు చదువుకున్నారు, పాత వస్తువులంటే ప్రాణం. పాఠాలు, ప్రార్థనల మధ్య తీరిక దొరికితే చాలు, ఫ్లోరెస్ కొండల్లో రాళ్లు, ఎముకలు వెతుక్కుంటూ తిరిగేవారు. తిరిగే కొద్దీ ఒక చిక్కుప్రశ్న ఆయనను పట్టుకుంది.

ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు సముద్రాన్ని చూడాలి. 1856లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు బాలి నుంచి పక్కనే ఉన్న లాంబాక్ దీవికి ఓడలో వెళ్లారు. చిన్న ప్రయాణమే. కానీ ఒడ్డు దిగగానే పక్షులు మారిపోయాయి. బాలిలో ఆసియా పక్షులు కనిపిస్తే లాంబాక్‌లో ఆస్ట్రేలియా వైపు ఉండే కాకటూలు కనిపించాయి. రెండు దీవుల మధ్య నీళ్లు లోతైనవి. మంచుయుగాల్లో సముద్రమట్టం 120 మీటర్ల దాకా పడిపోయినప్పుడు సుమత్రా, జావా, బోర్నియో, బాలి ఆసియా నేలతో కలిసిపోయాయి. ఏనుగులు, పులులు, ఖడ్గమృగాలు నడుచుకుంటూ వచ్చేశాయి. కానీ లాంబాక్ జలసంధి ఏనాడూ ఎండలేదు. దానికి తూర్పున ఉన్న ఫ్లోరెస్‌ను చేరాలంటే ఎవరైనా సముద్రం దాటాల్సిందే. అక్కడి ప్రవాహాలు సామాన్యమైనవి కావు. పసిఫిక్ నీళ్లు హిందూ మహాసముద్రంలోకి తోసుకుపోయే దారి అది.

పడవ కట్టడం తెలిసిన మన జాతి మనుషులు తప్ప ఇంకెవరూ ఆ నీళ్లు దాటలేరని అప్పటి పండితుల నమ్మకం. అలాంటి దీవిలో, సోవా లోయలో, 1957లో వెర్హూవెన్‌కు స్టెగోడాన్ ఎముకలు దొరికాయి. స్టెగోడాన్ అంటే ఏనుగుకు చుట్టం వరసయ్యే జంతువు, ఎప్పుడో అంతరించిపోయింది. అందులో వింత లేదు. ఏనుగులు గజ ఈతగాళ్లు. వింతంతా 1963లో మాతా మెంగే అనే చోట మొదలైంది. అక్కడ స్టెగోడాన్ ఎముకలున్న పొరలోనే చెక్కిన రాతి పనిముట్లు కనిపించాయి. రాయి తనంతట తాను అలా చెక్కుకోదు. అంటే స్టెగోడాన్ తిరిగిన కాలంలోనే అక్కడ చేతులున్నవారెవరో ఉన్నారు.

వెర్హూవెన్ ధైర్యంగా లెక్క కట్టారు. జావాలో దొరికిన అలాంటి జంతువుల వయసును బట్టి ఈ పనిముట్లకు ఏడున్నర లక్షల ఏళ్లు ఉంటాయన్నారు. అంత పాత కాలంలో మన జాతి ఇంకా పుట్టనే లేదు. జావాలో బతికిన హోమో ఎరెక్టస్ అనే ప్రాచీన మానవులే సముద్రం దాటి ఇక్కడికి వచ్చారన్నది ఆయన మాట. తన పరిశోధనను జర్మన్ భాషలో ప్రకటించారు. చదివినవారు కొద్దిమంది, నమ్మినవారు ఇంకా కొద్దిమంది. వృత్తిరీత్యా ఆయన పురావస్తు శాస్త్రవేత్త కాకపోవడం కూడా ఆయనకు అడ్డమైంది.

1965లో వెర్హూవెన్ లియాంగ్ బువాలో పార పట్టారు. పైపొరల్లో సమాధులు బయటపడ్డాయి. కుండలు, చనిపోయినవారితో పాటు పూడ్చిన వస్తువులు దొరికాయి. అవన్నీ కొన్ని వేల ఏళ్ల నాటి రైతుల జాడలు. కొన్నాళ్లకు ఆయన ఫ్లోరెస్ విడిచి వెళ్లిపోయారు. 1990లో కన్నుమూసేనాటికి ఆయన మాట నిజమని లోకం ఒప్పుకోలేదు.

ఆయన తర్వాత వచ్చినవారు ఇండోనేషియా పురావస్తు పరిశోధనకు పెద్దదిక్కు అనదగిన ఆర్. పి. సోజోనో. 1978 నుంచి 1989 వరకు జకార్తాలోని జాతీయ పురావస్తు పరిశోధన కేంద్రం తరఫున ఆ గుహలో పద్ధతిగా తవ్వించారు. నేలను భాగాలుగా విడగొట్టి ఒక్కో గుంటకు ఒక్కో అంకె పెట్టారు. రాగి, ఇనుము ఎరిగిన కాలపు సమాధులు, వాటి కింద అంతకన్నా పాత కాలపు జాడలు, ఇలా ఆ గుహ చరిత్రకు మొదటి అధ్యాయాలు రాసిపెట్టింది ఆయనే. 1989లో తవ్వకం ఆగిపోయింది. గుంటలు పూడ్చేశారు. గుహ మళ్లీ నిశ్శబ్దమైంది.

గుహ నిశ్శబ్దంగా ఉన్న ఆ ఏళ్లలో, సముద్రానికి అవతల, ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో మైక్ మోర్‌వుడ్ అనే పురావస్తు శాస్త్రవేత్త రాతి చిత్రాలు పరిశీలిస్తున్నారు. పుట్టింది న్యూజిలాండ్‌లో, పాఠాలు చెప్పేది ఆస్ట్రేలియాలోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో. కింబర్లీ తీరంలో ఆయనకు పాతకాలపు ఇండోనేషియా జాలర్లు విడిచిన గుర్తులు కనిపించాయి. సముద్రం వైపు చూస్తే ఒకటే ఆలోచన. ఈ జాలర్ల కన్నా ఎన్నో వేల ఏళ్ల ముందు, మొట్టమొదట ఆస్ట్రేలియాలో కాలుపెట్టిన మనుషులు కూడా ఆ దీవుల మీదుగానే వచ్చి ఉంటారు కదా. వాళ్లు దిగి నడిచిన మెట్లు ఎక్కడ?

ఆ మెట్లు వెతుక్కుంటూ ఆయన ఫ్లోరెస్ చేరారు. ముందుగా వెర్హూవెన్ మాటను పరీక్షకు పెట్టారు. మాతా మెంగేలో పనిముట్లున్న పొరకు కింద, పైన అగ్నిపర్వతాల బూడిద పొరలున్నాయి. ఆ బూడిదలోని జిర్కాన్ స్ఫటికాలు సూక్ష్మమైన గడియారాల లాంటివి. లోపలి యురేనియం పరమాణువులు పగిలినప్పుడల్లా స్ఫటికంలో ఒక గీత మిగులుతుంది. గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. 1998లో ఆ లెక్క ప్రచురించారు. పనిముట్ల వయసు ఎనిమిది లక్షల నుంచి 8,80,000 ఏళ్ల మధ్య! ముప్పై ఏళ్ల కిందట మతగురువు చెప్పిన మాటకన్నా ఇంకా వెనకటిది. వినడానికి వెర్హూవెన్ లేరు.

పనిముట్లు సరే, వాటిని చేసినవారు ఏరి? ఒక్క ఎముక లేదు, ఒక్క పన్ను లేదు. అప్పుడు మోర్‌వుడ్ దృష్టి లియాంగ్ బువా మీద పడింది. గుహలు ఎముకలను దాచిపెడతాయి. పైగా ఆ గుహలో నేల ఎక్కడ అంతమవుతుందో అప్పటికి ఎవరూ చూడలేదు. ఆయన సోజోనోతో చేయి కలిపారు. 2001లో తవ్వకం మళ్లీ మొదలైంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. పెద్ద యంత్రాలు లేవు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గుంట. అందులో మంగరాయ్ పనివారు తాపీలు, వెదురుపుల్లలు పట్టుకుని కూర్చుంటారు. పది సెంటీమీటర్ల మందం తీయడం, ఆగి చూడడం, రాసుకోవడం, మళ్లీ పది సెంటీమీటర్లు. తీసిన మట్టి బకెట్లకెత్తి పైకి చేదాలి. జల్లెడ పట్టాలి. ఆ తర్వాత గుహ దగ్గరి వరిమళ్లకు మోసుకెళ్లి, నీళ్లలో మరోసారి జల్లించాలి. అలా కడిగితే ఎలుక పన్ను కూడా తప్పించుకోలేదు. గుంట లోతయ్యే కొద్దీ గోడలు కూలే భయం. చుట్టూ దుంగలు బిగించి దన్ను పెట్టారు. నాలుగు మీటర్లు దాటాక కింద గాలి ఆడదు, ఉక్కపోత, పైన దీపాల వెలుగు. ఆ లోతులో పని చేయాలంటే ఓపికతో పాటు నమ్మకం కూడా కావాలి.

తవ్వేకొద్దీ కాలం వెనక్కి జరిగింది. ముందు కుండపెంకులు పోయాయి. తర్వాత పెంపుడు జంతువుల ఎముకలు పోయాయి. అగ్నిపర్వత బూడిద పొరలు దాటాక లోకమే మారిపోయింది. స్టెగోడాన్ పిల్లల ఎముకలు, కొమోడో డ్రాగన్ పళ్లు, పిల్లులంతేసి ఎలుకల దవడలు, వాటి మధ్య రాతి పనిముట్లు. ఎవరో ఇక్కడ వేటమాంసం కోసుకున్నారు. ఇంకో మూరెడు, ఇంకో మూరెడు.

2003 ఆగస్టు గడిచింది. ఆ ఏటి పని ముగింపుకొస్తోంది. మోర్‌వుడ్ ఆస్ట్రేలియా తిరిగి వెళ్లారు. తవ్వకం బాధ్యత చూస్తున్న థామస్ సుతిక్న జ్వరంతో దగ్గర్లోని రుతెంగ్ పట్టణంలో హోటల్ గదిలో పడుకుని ఉన్నారు. సెప్టెంబరు 2న, గుహ తూర్పు గోడను ఆనుకుని ఉన్న ఏడో గుంటలో, 5.9 మీటర్ల లోతున బెన్యామిన్ తారుస్ అనే స్థానిక పనివాడు తాపీతో మట్టి తీస్తున్నారు. తాపీ అంచు దేనికో తగిలింది. ఎడమ కనుబొమ్మ పైన ఉండే ఎముక అది.

గుంటను పర్యవేక్షిస్తున్న వాహ్యు సప్తోమో వెంటనే కిందికి దిగి చూశారు. ఎముకలను చూడగానే పోల్చగల రోకుస్ అవే దూను పిలిచారు. రోకుస్ పరిశీలించి, ఇది మనిషే అన్నారు. కానీ చాలా చిన్న తల. ఎవరో చంటిబిడ్డది అనుకున్నారు. సాయంత్రం ఆ కబురు రుతెంగ్‌లోని గదికి చేరింది. సుతిక్న జ్వరం ఆ మాటతోనే దిగిపోయిందట. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. తెల్లవారగానే గుహలో ఉన్నారు.

మట్టి తొలగే కొద్దీ పుర్రె వెంట దవడ, కాళ్ల ఎముకలు, కటి ఎముక కనిపించసాగాయి. ఇక్కడే పెద్ద గండం ఎదురైంది. ఆ ఎముకలు రాయిగా మారలేదు. వేల ఏళ్లు చెమ్మలో నానిన అవి తడిసిన అద్దుడు కాగితంలా మెత్తబడ్డాయి. వేలు తగిలితే చాలు, పిండి అయిపోతాయి. తొందరపడి తీస్తే అంతా పోతుంది. మూడు రోజులు వాటిని ఉన్నచోటే ఆరనిచ్చారు. తర్వాత గట్టిపరచడానికి మందు కావాలి. అది పెద్ద ప్రయోగశాలల్లో దొరికే వస్తువు. ఆ కొండ ఊళ్లో ఎక్కడ తెస్తారు? గోళ్లరంగు చెరిపే ద్రవం, అంగళ్లలో అమ్మే జిగురు కొనుక్కొచ్చి, రెండూ కలిపి కుంచెతో చుక్కచుక్కగా ఎముకలకు పట్టించారు. అవి బిగిసాక మట్టిగడ్డలతో సహా కోసి పైకి తీశారు. మనుషుల చరిత్రలో ఒక మహా సాక్ష్యం గోళ్లరంగు చెరిపే సీసాల పుణ్యాన నిలిచింది. చేతిలో ఉన్నదానితోనే పని చక్కబెట్టుకునే ఆ తెలివికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఎముకలు జకార్తా చేరాయి. పరిశీలించడానికి మోర్‌వుడ్ సహోద్యోగి, ప్రాచీన మానవుల ఎముకలను చదవడంలో దిట్ట అయిన పీటర్ బ్రౌన్ వచ్చారు. దవడలో జ్ఞానదంతాలు మొలిచి ఉన్నాయి, అరిగి కూడా ఉన్నాయి. చంటిబిడ్డ అన్న మాట అక్కడితో పోయింది. ఈమె పెద్దమనిషి. మరి తల ఇంత చిన్నదేమిటి? మెదడు ఎంత ఉండేదో కొలవడానికి బ్రౌన్ పుర్రెలో ఆవాలు పోశారు. మన వంటింటి పోపుడబ్బాలో ఉండే ఆవాలే. నిండాక వాటిని కొలిస్తే 380 ఘన సెంటీమీటర్లు వచ్చింది. తర్వాతి కాలంలో స్కానింగ్‌తో సరిచూసినవారు మరికాస్త ఎక్కువ, 420 చుట్టుపక్కల అన్నారు. మనకు సుమారు 1,350 ఉంటుంది. అంటే ఈమె మెదడు చింపాంజీ మెదడంత. అంత చిన్న మెదడుతో మనుషులు తిరిగింది ఆఫ్రికాలో, లక్షల ఏళ్ల కిందట. సముద్రాల నడుమ దీవిలో, పనిముట్ల పక్కన అలాంటి తల కనిపించడం ఎవరి ఊహకూ అందనిది.

మిగతా ఒళ్లు కూడా అంతే వింత. ఎత్తు 106 సెంటీమీటర్లు. గడ్డం ముందుకు పొడుచుకు రాదు. చేతులు పొడుగు, కాళ్లు పొట్టి, ఆ పొట్టి కాళ్లకు పొడవాటి పాదాలు. కానీ రెండు కాళ్ల మీదే నడిచింది. 2004 అక్టోబరు 28న నేచర్ పత్రికలో ఈ కొత్త జాతిని లోకానికి పరిచయం చేశారు. పేరు హోమో ఫ్లోరేసియెన్సిస్, ఫ్లోరెస్ మానవజాతి. మోర్‌వుడ్ ముద్దుగా హాబిట్ అన్నారు. టోల్కీన్ కథల్లోని పొట్టి మనుషుల పేరది. ఆ పేరే ప్రపంచమంతా పాకింది. గుహలోని బొగ్గుముక్కల వయసును బట్టి ఆమె 18 వేల ఏళ్ల కిందట బతికిందని అప్పుడు లెక్కకట్టారు. మన పూర్వీకులు రాతి గోడలపై బొమ్మలు గీస్తున్న రోజుల్లో, ఇక్కడ ఇంకో జాతి మనిషి కూడా ఉందన్నమాట.

అంత చిన్నగా ఎలా మారింది? దీవులకు ఒక ధర్మం ఉంది. తిండి కొద్ది, వేటాడే పెద్ద మృగాలు లేవు. అలాంటి చోట పెద్ద జంతువులు తరతరాలకూ కుదించుకుపోతాయి. చిన్నవి పెరుగుతాయి. ఫ్లోరెస్‌లో స్టెగోడాన్ చిన్నదైంది, ఎలుక పెద్దదైంది. మనిషి ఎత్తున్న బెగ్గురు కొంగ ఒకటి తిరిగేది. ఎప్పుడో సముద్రం దాటి చిక్కుకుపోయిన మనుషులు కూడా ఆ ధర్మానికే లోబడ్డారని ఒక మాట. వాళ్లు మొదటి నుంచీ చిన్నవాళ్లే, హోమో ఎరెక్టస్ కన్నా పాత వంశం నుంచి వచ్చినవారని మరో మాట.

ఇంకా మూడో మాట ఉంది. దానితోనే తుపాను లేచింది. ఇదేమీ కొత్త జాతి కాదు, మెదడు ఎదగని జబ్బుతో పుట్టిన మామూలు మనిషి ఎముకలు అన్నారు కొందరు. వారిలో ముఖ్యులు తెవుకు జాకబ్, ఇండోనేషియాలో ప్రాచీన మానవుల శాస్త్రానికి పెద్దలు. గుహ దగ్గర రాంపాసాసా అనే ఊళ్లో నేటికీ పొట్టిగా ఉండే మనుషులున్నారని ఆయన చూపించారు. 2004 చివర్లో ఎముకలు ఆయన ప్రయోగశాలకు చేరాయి. 2005 ఫిబ్రవరిలో తిరిగి వచ్చేసరికి కొన్ని దెబ్బతిని ఉన్నాయి. ఆ దెబ్బలు ఎలా తగిలాయన్నదానిపై రెండు పక్షాల మధ్య మాటలు పెరిగాయి. గుహలో తవ్వకానికి అనుమతి కూడా ఆగిపోయింది. 2007 దాకా లియాంగ్ బువాలో తాపీ చప్పుడు లేదు.

గుహ మూతపడిన ఆ రోజుల్లో జవాబు ఎవరూ అనుకోని చోట దొరికింది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో మాట్ టోచెరి అనే యువ పరిశోధకుడు మణికట్టు ఎముకల మీద పని చేస్తున్నారు. చాలామంది పట్టించుకోని చిన్నచిన్న ఎముకలవి. ఫ్లోరెస్ స్త్రీ మణికట్టు ఎముకల అచ్చులు ఆయన చేతికి వచ్చాయి. చూడగానే తెలిసిపోయింది. మన మణికట్టులో ఒక ఎముక బూటు ఆకారంలో ఉంటుంది. ఈమెకు అది కోతుల్లో, తొలినాటి మానవుల్లో ఉన్నట్టు మొనదేలి ఉంది. మణికట్టు రూపం తల్లి కడుపులో తొలి నెలల్లోనే ఏర్పడిపోతుంది. తర్వాత వచ్చే ఎదుగుదల జబ్బులు దాన్ని అలా వెనకటి రూపానికి మార్చలేవు. 2007లో ఆ ఫలితం అచ్చయింది. 2009లో పాదాల పరిశీలన కూడా అటే మొగ్గింది. అప్పటికే, 2004 తవ్వకంలో దొరికిన రెండో దవడతో కలిపి, కనీసం తొమ్మిదిమంది ఎముకలు తేలాయి. ఒక్కరికి జబ్బు అనవచ్చు. తరాల తేడాతో బతికిన తొమ్మిదిమందికీ అదే జబ్బు అనడం కష్టం.

ఫ్లోరెస్ కబురు ఇంకో దీవిలో ఇంకో మనిషిని కుదిపింది. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో కలావ్ అనే గుహ ఉంది. ఏడు గదుల ఆ గుహలో ఒక గదిని ప్రార్థనామందిరంగా వాడుకుంటారు. 2003లో, అంటే సరిగ్గా ఫ్లోరెస్‌లో పుర్రె బయటపడిన ఏడాదే, అర్మాండ్ మిహారెస్ అనే ఫిలిప్పీన్స్ పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వారు. సుమారు 25 వేల ఏళ్ల నాటి జాడలు దొరికాయి. 1.3 మీటర్ల దగ్గర ఆపేశారు. ఆ ప్రాంతంలో అంతకన్నా పాత మనుషులు ఉండరన్నదే అప్పటి పాఠం. లూజాన్ కూడా ఏనాడూ ఆసియా నేలతో కలవని దీవి మరి.

లియాంగ్ బువాలో ఆరు మీటర్ల లోతున ఏం దొరికిందో విన్నాక ఆయనకు తన గుంట గుర్తొచ్చింది. తాను ఆపినచోట నిజంగా అంతా అయిపోయిందా? 2007లో కలావ్‌కు తిరిగి వెళ్లి అక్కడి నుంచే కిందికి తవ్వారు. ఏమీ లేని మట్టి. ఇంకా తవ్వారు. మరో మీటరున్నర దిగేసరికి జంతువుల ఎముకలు గుట్టగా కనిపించాయి. వాటిని సంచుల్లో వేసి, జంతువుల ఎముకల నిపుణుడు ఫిల్ పైపర్‌కు అప్పజెప్పారు. జింకలు, అడవిపందుల ఎముకలు వేరు చేస్తుండగా పైపర్ చేతికి 61 మిల్లీమీటర్ల ఎముక ఒకటి వచ్చింది. అది జింకది కాదు, పందిది కాదు. పాదంలో నడిమి వేలి వెనక ఉండే మనిషి ఎముక. యురేనియం లెక్కతో చూస్తే కనీసం 67 వేల ఏళ్ల నాటిదని తేలింది. అది ఏ జాతి మనిషిదో ఆ ఒక్క ఎముకతో చెప్పలేరు. మిహారెస్ మళ్లీ 2011లో వెళ్లారు, మళ్లీ 2015లో వెళ్లారు.

ఈలోగా ఫ్లోరెస్ కథ నడిపినవారిలో ఒకరు వెళ్లిపోయారు. 2013 జులైలో మైక్ మోర్‌వుడ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. మాతా మెంగేలో పనిముట్లు చేసినవారి ఎముక ఒక్కటైనా చూడాలన్నది ఆయన ఎన్నో ఏళ్ల ఆశ. ఆయన పోయాక కూడా మిత్రులు తవ్వకం ఆపలేదు. 2014 అక్టోబరులో అక్కడ ఒక దవడ ముక్క, కొన్ని పళ్లు దొరికాయి. సుమారు ఏడు లక్షల ఏళ్ల నాటివి. ఆ దవడ లియాంగ్ బువా స్త్రీ దవడ కన్నా కూడా కాస్త చిన్నది. పొట్టి మనుషులు ఆ దీవిలో లక్షల ఏళ్లు బతికారని తేలిపోయింది. వెర్హూవెన్ ఒంటరిగా చెప్పిన మాట, మోర్‌వుడ్ నమ్మిన మాట, ఇద్దరూ లేనప్పుడు రుజువైంది.

లియాంగ్ బువాలో మిగిలినవారు తమ పనిని తామే మళ్లీ ప్రశ్నించుకున్నారు. ఏడో గుంట చుట్టూ ఏళ్ల తరబడి కొత్త గుంటలు తీస్తూ పొరల తీరు గమనించారు. అప్పుడు ఒక పొరపాటు బయటపడింది. ఒకప్పుడు గుహ నేలలో చాలా భాగం కోతకు గురై కొట్టుకుపోయింది. ఎముకలున్న పాత మట్టి గోడవారగా దిబ్బలా మిగిలింది. ఆ కోసుకుపోయిన చోటును తర్వాతి కాలపు మట్టి వచ్చి పూడ్చింది. పాత మట్టి, కొత్త మట్టి పక్కపక్కనే ఒకే లోతులో నిలిచాయి. 18 వేల ఏళ్లని చెప్పిన బొగ్గు ఆ కొత్త మట్టిది. 2016లో సరిదిద్దిన లెక్క అచ్చయింది. ఎముకలకు లక్ష నుంచి 60 వేల ఏళ్లు, పనిముట్లకు 1,90,000 నుంచి 50 వేల ఏళ్లు. మన జాతి మనుషులు ఆ దీవుల్లోకి వచ్చే వేళకు ఆ చిన్నారి జాతి గుహలోంచి కనుమరుగైంది. తమ ప్రసిద్ధ లెక్క తప్పని తామే చాటిన ఆ వ్యాసంలో మొదటి పేరు థామస్ సుతిక్నది. ఆనాడు జ్వరంతో పడుకుని కబురు విన్న మనిషే. ఎముకలు తవ్వి తీయడానికి ఎంత ఓర్పు కావాలో, సొంత తప్పు తవ్వి తీయడానికీ అంత ఓర్పు కావాలి.

2019 ఏప్రిల్‌లో కలావ్ గుహ కూడా నోరు విప్పింది. మిహారెస్, ఫ్రాన్స్ పరిశోధకుడు ఫ్లోరాన్ దెత్రువా, వారి బృందం పదమూడు ఎముకలు, పళ్లు చూపించారు. కనీసం ముగ్గురివి, అందులో ఒకరు బిడ్డ. పళ్లు బాగా చిన్నవి. వేళ్ల ఎముకలు చెట్లెక్కే తొలినాటి మానవులవిలా వంపు తిరిగి ఉన్నాయి. ఇది మరో కొత్త జాతి అన్నారు. పేరు హోమో లూజోనెన్సిస్. సముద్రం దాటలేరనుకున్నవారు ఒక దీవికి కాదు, రెండు దీవులకు చేరి, ఒక్కో చోట ఒక్కో తీరున మారి బతికారు.

ఆ రెండు గుహల్లోనూ మనిషి కథ ఇంతే అని గీత గీసింది నేల కాదు, తవ్వేవారి నమ్మకం. ఒకచోట బడిపిల్లలు, ఒకచోట భక్తులు ఆ నేల మీద నడుస్తూనే ఉన్నారు. మిహారెస్‌కు 2003లో అడుగు అనిపించిన చోటికి, ఆ పాదం ఎముకకు మధ్య ఉన్నది మరో మీటరున్నర మట్టి. మన లెక్కలో మూడు మూరల పైచిలుకు. కలావ్ గుహవాసుల పళ్లు చూశాం, వేళ్లు చూశాం. వాళ్ల ముఖం మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు, పుర్రె దొరకలేదు. అక్కడ ఎవరో ఒకరు దిగి తవ్వాల్సిన మరో మూరెడు మిగిలే ఉంది.